చిమ్నీ మసి రాలితే వానేనా? ఐర్లండ్ వాన గుర్తుల్లో నిజమెంత

ఐర్లండ్ పడమటి తీరంలో వాతావరణ అంచనాలు వేయడం నా పని. వచ్చిన కొత్తలో, మేయో కౌంటీలో మా ఇంటి ఓనరమ్మ ఫైర్‌ప్లేస్‌లో పొడిపొడిగా రాలిన మసి చూపించి, "బట్టలు లోపల వేసుకో" అంది. బయట ఎండ కాస్తోంది. నవ్వి ఊరుకున్నా. సాయంత్రానికి దండెం మీదివన్నీ మళ్లీ పిండుకున్నా.

అపోహ: ఇవన్నీ ముసలమ్మల మాటలు.
వాస్తవం: అన్నీ కావు. తేమ పెరిగితే చిమ్నీ గోడకంటిన మసి బరువెక్కి ఊడుతుంది, ఈదురుగాలి గొట్టంలోకి కొడితే మరీను. వాన ముందు రెండూ జరిగేవే. సాయంత్రం పడమర ఎర్రబడితే మర్నాడు తెరిపి అనడానికీ కారణముంది. ఇక్కడి వాతావరణం ఎక్కువగా అట్లాంటిక్ మీంచే వస్తుంది, అటు మబ్బు లేకపోతేనే ఆ ఎరుపు మనకి కనబడుతుంది. 1944 జూన్‌లో ఇదే మేయోలోని బ్లాక్‌సాడ్ వాతావరణ కేంద్రం నుంచి మోరీన్ ఫ్లావిన్ పంపిన రీడింగుల్లో గాలి పీడనం పడిపోతుండటం చూసే, రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాలు ఫ్రాన్స్ తీరం మీద తలపెట్టిన నార్మండీ దాడిని 5 నుంచి 6వ తేదీకి జరిపారు. చందమామ చుట్టూ వలయం కడితే వాన అని ఇక్కడా అంటారు, మన వరదగుడే. చాలాసార్లు నిజమవుతుంది, ప్రతిసారీ కాదు.

అపోహ: జులై 15న, సెయింట్ స్విథిన్ రోజున, వాన పడితే నలభై రోజులు వదలదు.
వాస్తవం: పడమట కొన్నిచోట్ల ఏడాదికి 225 రోజుల దాకా వాన పడుతుంది. అలాంటి చోట ఈ జోస్యం ఫలించినట్టు అనిపించకపోతేనే వింత.

అపోహ: హోలీ చెట్టు (క్రిస్మస్ అలంకరణకు వాడే ముళ్లాకుల చెట్టు) పళ్లు విరగకాస్తే చలి ముదురుతుంది.
వాస్తవం: ఆ పళ్లు గడిచిన వసంతం సంగతే చెబుతాయి.

నాకిష్టమైంది ఐర్లండ్ వాళ్లు కొలిచే సెయింట్ బ్రిజిడ్ మాట. ఫిబ్రవరి 1 ఆమె పండగ. ఆ రోజు నుంచి రోజు విడిచి రోజు బాగుంటుందని మాటిచ్చిందట. లెక్కకు నిలవదు. కానీ ఒక అల్పపీడనం దాటడం, కాస్త తెరిపి, వెనకే ఇంకొకటి... ఈ తీరం తీరే అంత.

మార్చి గడిచింది, ఇక నన్నేం చేస్తుందని విర్రవీగిన ముసలి చారల ఆవు కథా ఉంది. దాన్ని చంపడానికి మార్చి ఏప్రిల్ దగ్గర మూడు రోజులు అప్పు తెచ్చుకుందట. ఏప్రిల్ మొదట్లో చలి తిరగబెట్టడం ఇక్కడ మామూలే, మూడు రోజులే అని మాత్రం ఏ చార్టూ రాసివ్వదు. మా ఓనరమ్మ మటుకు ఏప్రిల్ 3 దాటేదాకా పూలకుండీలు బయట పెట్టదు.