రోహిణి కార్తెలో బ్యాటరీ

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో విజయవాడ వీధుల్లో ఎండకు నిలిపిన కారు బానెట్ మీద చేయి ఆనించలేం. దాని కింద బ్యాటరీ ఆ సెగనంతా భరిస్తుంది, అప్పటికి ఏమీ తెలియనివ్వదు. డిసెంబరులో ఒక ఉదయం సెల్ఫ్ కొడితే టక్ మని ఆగిపోతుంది. మనం చలిని తిట్టుకుంటాం కానీ, దెబ్బ తగిలింది మే నెలలోనే. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే లోపలి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుంది, ప్లేట్లను తినేసే చర్యలతో సహా.

1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే చేసి చూపిన సూత్రమే నేటికీ నడుస్తోంది. సీసపు ప్లేట్లు, వాటి మధ్య సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన నీళ్లు. అలాంటి గదులు ఆరు, ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు. నిండుగా ఛార్జయి కొన్ని గంటలు కదలకుండా ఉన్న బ్యాటరీ మల్టీమీటరులో 12.6 వోల్టులు చూపాలి. 12.2 అంటే సగం ఖాళీ. అలా వాడకుండా వదిలేస్తే ప్లేట్ల మీది మెత్తని లెడ్ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా పేరుకుపోతుంది. ఆ తర్వాత ఛార్జింగ్‌తో అది పూర్తిగా కరగదు.

మొన్న ఆదివారం మా కారు బ్యాటరీ మూతలు ఆరూ విప్పి టార్చి వేసి చూశాను. అయిదు గదుల్లో నీళ్లు మెరిశాయి. మూడో గదిలో మాత్రం ప్లేట్ల అంచులు తేలి, పొడిగా, బూడిద రంగుకు తిరిగి ఉన్నాయి. ఛార్జింగ్ సమయంలో నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడిపోయి పోతుంది; ఆమ్లం మాత్రం అక్కడే ఉంటుంది. అందుకే పోయాల్సింది ఆమ్లం కాదు, డిస్టిల్డ్ వాటర్. కృష్ణా నీళ్లు కాచి చల్లార్చినా పనికిరావు: ఆవిరయ్యేది నీరే, లవణాలు ఇంకా చిక్కబడతాయి. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోసేవారూ ఉన్నారు. ఆ నీటిలో దుమ్ము, లోహపు అణువులు కలిసి ఉంటాయి, దయచేసి ఆ పని చేయకండి. ప్లేట్లు మునిగేంత పోసి, ఛార్జి చేశాక గుర్తు వరకు నింపాలి. ముందే నిండా పోస్తే ఛార్జింగ్‌లో ఆమ్లం పొంగి బయటికి వస్తుంది. మూతలు లేని సీల్డ్ రకాలకు ఈ పని ఉండదు.

టెర్మినళ్ల మీద తెల్లగానో నీలంగానో పూసిన పొడిని వంటసోడా కలిపిన నీళ్లతో, పాత బ్రష్షుతో కడగండి. బుసబుసమని నురగ వస్తుంది, ఆమ్లం విరిగిపోతోందన్నమాట. మూతలు బిగించి ఉండాలి, సోడా లోపల పడకూడదు. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు చివర. అలా చేస్తే, పాజిటివ్ విప్పేటప్పుడు స్పానర్ పొరపాటున కారు బాడీకి తగిలినా నిప్పురవ్వ రాదు. పక్కనే హైడ్రోజన్ ఉంటుంది కనుక ఈ వరుస తప్పకూడదు. రక్షణ కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

ఇంజిను నడుస్తుండగా మీటరు 14.1 చూపింది, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ బాగానే ఉంది. తేదీ బ్యాటరీ మీదే రాసిపెట్టాను. రెండు వారాల తర్వాత మళ్లీ విప్పి చూస్తాను. అప్పుడు కూడా మూడో గది ఒక్కటే నీళ్లు తాగేసి ఉంటే, ఆ గది చెడిపోయిందని అర్థం. కొత్త బ్యాటరీ కోసం ఆటోనగర్‌కు బయలుదేరాల్సిందే.