చచ్చుబడని చేతుల సంగతి

పిల్లలూ,

మెడ దెబ్బతిన్నవాళ్ల చేతుల్ని కరెంటుతో కదిలిస్తారని విని, "తాతయ్యా, షాక్ కొట్టదా?" అని అడిగారు కదా. ఫోన్లో తేలే విషయం కాదని తీరిగ్గా రాస్తున్నాను.

ముందు మన మాటతోనే నాకు పేచీ. "చెయ్యి చచ్చుబడింది" అంటాం. మెడ దగ్గర వెన్నుపాము నలిగితే చెయ్యేం చావదు. వేళ్లు ముడిచే కండలు ముంజేతిలో బతికే ఉంటాయి. వాటికొచ్చే నరాలూ చాలావరకు బాగానే ఉంటాయి. మెదడు నుంచి కబురు దిగదు, అంతే. ఆ కబురుకు బదులు సెకనుకు 15, 20 సార్లు సన్నగా కరెంటు తడితే, కండ ముడుచుకుంటుంది. వెనకటి ఇటలీ శాస్త్రవేత్త గాల్వానీ బల్లమీద కప్పకాలు ఎగిరిందీ ఇందుకే. (గోడకున్న ప్లగ్గు కరెంటు వేరు, దాని జోలికి పోకండి.) కండదాకా వచ్చే నరమే పాడైతే మాత్రం ఈ తట్లకు అది పలకదు.

అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో హంటర్ పెక్‌హామ్ బృందం 1986లో ఇలాంటి యంత్రాన్ని మొదటిసారి ఒక మనిషి ఒంట్లో అమర్చింది. తర్వాత దానికి ఫ్రీహ్యాండ్ అని పేరొచ్చింది. ఛాతీ చర్మం కింద చిన్న పెట్టె, అందులోంచి చేతి కండలకు 8 తీగలు. మరి గుప్పిట ఎప్పుడు తెరవాలో దానికెవరు చెప్పాలి? అవతలి భుజం! కుడిచెయ్యి పనిచెయ్యాలంటే ఎడమ భుజాన్ని ముందుకూ వెనక్కూ జరపాలి. గబుక్కున ఒక్కసారి కుదిపితే పట్టు అలాగే బిగిసి ఉంటుంది. ఫోర్కు పట్టుకున్నవాళ్లు భోజనం అయ్యేదాకా భుజం బిగబట్టి కూర్చోలేరు కదా! నన్నడిగితే ఆ కుదుపే అందులోకెల్లా గొప్ప ఆలోచన.

1997లో అక్కడి ప్రభుత్వ అనుమతి వచ్చింది. 200 మందికి పైగా అమర్చుకున్నారు. 2001కల్లా కంపెనీ అమ్మకం ఆపేసింది. చేతులు పనిచెయ్యక కాదు, గిట్టుబాటు కాక. నాకిప్పటికీ మింగుడుపడదు.

చిక్కులూ ఉన్నాయి. మన మెదడు సన్నటి, ఓపికైన కండపోగుల్ని ముందు లేపి, వంతులవారీగా పని చేయిస్తుంది. కరెంటుకు ఆ నేర్పు లేదు. త్వరగా అలిసే మోటు పోగుల్నీ మొదట్లోనే లేపేస్తుంది, వంతుల్లేకుండా అన్నిటినీ ఒక్కసారే. అందుకే చెయ్యి తొందరగా అలిసిపోతుంది.

2014లో ఒహాయోలో ఇయాన్ బర్క్‌హార్ట్ అనే యువకుడి మెదడులో చిప్ పెట్టారు. అతను చెయ్యి కదపాలనుకుంటే కంప్యూటర్ అది పసిగట్టి, ముంజేతికి చుట్టిన పట్టీ ద్వారా కండల్ని తట్టేది. సీసా ఎత్తి ఒంపాడు.

2024లో వెలువడిన ప్రయోగం దారి వేరు. వెన్నుపాములో దారులు కొంతైనా మిగిలిన 60 మందికి, మెడ వెనక చర్మం మీదనుంచే కరెంటు ఇస్తూ రెండు నెలలు చేతి వ్యాయామం చేయించారు. 72 శాతం మందికి బలమూ పనితనమూ పెరిగాయి. ఇక్కడ కరెంటు కండను లాగదు. మిగిలిన దారుల్లో బలహీనంగా దిగే కబురు వెన్నుపాముకు వినబడేలా చేస్తుంది.

ఇప్పుడీ ఉత్తరం పక్కన పెట్టండి. అరచెయ్యి కిందికి ఉండేలా చెయ్యి వదులుగా వేలాడేసి, మణికట్టు దగ్గర మాత్రం మెల్లగా పైకి, వెనక్కి వంచండి. వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయా? అది స్నాయువుల, అంటే కండల్ని ఎముకలకు కట్టే తాళ్ల, లాగుడు. మెడ దెబ్బతిన్నా మణికట్టు ఇలా ఎత్తగలిగినవాళ్లు ఏ కరెంటూ లేకుండా దాంతోనే తేలికపాటి గ్లాసు ఎత్తుతారు. అందుకే ఫిజియోథెరపీ వాళ్లు ఇంట్లోవాళ్లకు చెబుతారు: మణికట్టు వెనక్కి వంచి వేళ్లను మరీ చాపకండి, ఆ బిగువు పోతుంది అని.

మీ తాతయ్య