లెన్సు చీటీ ఎవరిది?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగువాళ్లకు కంటి పరీక్ష ఒక రాష్ట్రంలో, కంట్లో పెట్టుకునే కాంటాక్ట్ లెన్సులు కొనడం ఇంకో రాష్ట్రంలో మామూలే. శ్రీకాకుళంలోనో విశాఖలోనో చూపించుకుంటారు, రెండో డబ్బా మాత్రం ఊళ్లో షాపులోనో ఫోనులోనో తెప్పించుకుంటారు. చిక్కల్లా, చేతిలో ఉండేది కళ్లజోడుకు రాసిచ్చిన చీటీ.

దాంతో లెన్సు కొనకూడదు. జోడు కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల దూరాన ఉంటుంది, లెన్సు నల్లగుడ్డు మీదే కూర్చుంటుంది. కాబట్టి పవర్ 4 దాటితే అంకె మారుతుంది: జోడులో మైనస్ 5.00 ఉంటే లెన్సులో సుమారు మైనస్ 4.75. పైగా బేస్ కర్వ్ అనే లెన్సు లోపలి వంపు (8.4, 8.6 లాంటిది), వ్యాసం (14.0, 14.2), బ్రాండ్, ఎన్నాళ్లకు మార్చాలో కూడా రాసి ఉండాలి. ఈ కొలతలు కుదరక బిగుతైన లెన్సు కదలదు, కింద కన్నీరు మారదు, కార్నియాకు (కంటి ముందరి పారదర్శక పొరకు) ఆక్సిజన్ తగ్గి కన్ను ఎర్రబడుతుంది. వదులైతే రెప్ప కొట్టినప్పుడల్లా జారుతుంది.

ఈ చీటీ మీద అమెరికాలో పెద్ద పేచీయే నడిచింది. అక్కడ చీటీ రాసేవాళ్లే లెన్సులూ అమ్ముతారు, చీటీ ఇవ్వకపోతే బేరం బయటికి పోదు. కళ్లజోడు చీటీ ఇచ్చి తీరాలని 1978లోనే నియమం వచ్చినా, లెన్సుకు 2003 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. అడగకపోయినా, అదనపు రుసుము లేకుండా చీటీ ఇవ్వాలి. బయట అమ్మేవాళ్లు డాక్టర్‌ను సరిచూడమని అడిగాక 8 పనిగంటల్లో జవాబు రాకపోతే చీటీ సరైనదనే లెక్క. ఆ సందులోంచి, అమ్మేవాళ్ల తరఫున యంత్రం డాక్టర్లకు చేసే అర్థంకాని ఫోన్లు దూరాయి. 2020 సవరణలో అలాంటి ఫోన్లను రికార్డు చేయాలన్నారు, చీటీ అందినట్టు సంతకం తీసుకోమన్నారు.

మన దగ్గర అలాంటి ప్రత్యేక నియమం లేదు. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం రోగి అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి, కానీ అది డాక్టర్లకే. షాపులో పరీక్షించే ఆప్టోమెట్రిస్టుకు వర్తించదు. సరుకు మీద అదుపు వేరే దారిలో వచ్చింది. కంటిలోపల అమర్చే లెన్సులు 2005లోనే మందుల చట్టం కిందికి వచ్చాయి, 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ వచ్చాయి. పెళ్లిళ్లకు పెట్టుకునే పవర్ లేని రంగు లెన్సు కూడా కంటికి తగిలేదే, దాన్ని గాజుల పక్కన పెట్టి అమ్మడం తప్పు.

సరిహద్దువాళ్లకు అసలు మేలు చేసింది 2019 వినియోగదారుల చట్టం, 2020 జులై 20న అమలైంది. 1986 చట్టంలో శ్రీకాకుళం షాపులో కొన్నదాని మీద ఫిర్యాదుకు శ్రీకాకుళం వినియోగదారుల ఫోరానికే తిరగాలి. ఇప్పుడు కొన్నవాళ్లు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, అంటే గుణుపురం మనిషి రాయగడలో. గడువు రెండేళ్లు, కొన్న విలువ 5 లక్షల దాకా రుసుము లేదు. బిల్లు ఒక్కటే చాలదు. బ్యాచ్ నంబరు, గడువు తేదీ, లైసెన్స్ నంబరు ఉన్న డబ్బా అట్టను, విప్పిన రేకును పారేయకండి.