బ్యాండ్‌తో ఊళ్ళు తిరిగే క్రూ పని: అపోహలు - వాస్తవాలు

వారానికి ఒక్కడైనా అడుగుతాడు, అన్నా నేను కూడా మీలాగా బ్యాండ్‌లతో టూర్లు తిరగాలి, ఎలా చేరాలి అని. అడిగే తీరులోనే తెలిసిపోద్ది మనసులో ఏముందో, మెళ్ళో క్రూ పాస్ (క్రూ అంటే స్టేజి వెనక సౌండ్, లైట్లు, సామాను చూసుకునేవాళ్ళం), సింగర్ పక్కన సెల్ఫీ. తప్పేం లేదు, నేనూ అలాగే వచ్చా. పదకొండేళ్ళయింది, లోడింగ్ కుర్రాడిగా మొదలెట్టి, తర్వాత స్టేజి ప్యాచింగ్ (మైకుల, వాయిద్యాల కేబుల్స్ కలిపే పని) చేసి, ఇప్పుడు మానిటర్ మిక్స్ (స్టేజి మీదున్నవాళ్ళకి వాళ్ళ సౌండ్ వినిపించే పని) చేస్తున్నా. ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: బ్యాండ్ వాళ్ళ ఇన్‌స్టాకి మెసేజ్ పెడితే పని దొరుకుద్ది

దొరకదు. ఎందుకంటే మన దగ్గర బ్యాండ్ తెచ్చుకునేది చాలా తక్కువ. గిటార్లు, పెడల్ బోర్డు, డ్రమ్మర్ సింబల్స్, కాస్త స్థాయి ఉన్నవాళ్ళయితే సొంత ఇన్-ఇయర్ సెట్ (చెవిలో పెట్టుకుని తమ సౌండ్ వినేది). స్పీకర్లు, కన్సోల్ (మిక్సర్ బోర్డు), డ్రమ్ కిట్, ఆంప్‌లు, లైట్లు, ట్రస్ (లైట్లు వేలాడదీసే చట్రం), ఇవన్నీ టెక్ రైడర్ (బ్యాండ్ ముందే పంపే సామాను లిస్ట్) చూసుకుని ఆ ఊరి వెండరే, అంటే సామాను అద్దెకిచ్చేవాడే, డీసీఎం లారీలో వేసుకొస్తాడు. బ్యాండ్‌తో తిరిగే మనుషులు ముగ్గురో నలుగురో, సౌండ్ ఇంజినీర్, మేనేజర్, బడ్జెట్ ఉంటే లైట్స్ అతను, ఇంకా ఉంటే గిటార్లు చూసుకునే టెక్. ఈ నలుగురూ ఎక్కడ నుంచి వచ్చారనుకున్నారు? ఎక్కువమంది ఏదో ఒక వెండర్ గోడౌన్‌లో బాక్సులు మోసినవాళ్ళే. కాబట్టి దారి గోడౌన్ మీదుగానే.

నా సంగతే చెప్తా. విజయవాడ దగ్గర ఒక కాలేజ్ ఫెస్ట్, నేను వెండర్ తరపున స్టేజి మీదున్నా. రైడర్‌లో ఇన్‌పుట్ లిస్ట్ (ఏ చానెల్‌కి ఏ మైకు, ఏ వాయిద్యం అనేది) ఏ వరసలో ఉందో అదే వరసలో 24 చానెళ్ళూ ప్యాచ్ చేసి, తెల్ల టేప్ మీద మార్కర్‌తో పేర్లు రాసి, మెయిన్ వోకల్ దగ్గర ఒక స్పేర్ ఎస్ఎం58 మైకు, ఒక స్పేర్ కేబుల్ పెట్టి ఉంచా. బ్యాండ్ ఇంజినీర్ వచ్చి చూశాడు, ఏం అనలేదు, లైన్ చెక్ (ఒక్కో చానెల్‌లో సౌండ్ వస్తుందో లేదో చూడటం) పావుగంటలో అయిపోయింది. మూడు నెలలకి ఫోన్, ఎల్లుండి బెంగళూరు రాగలవా అని. నాకు ఇంటర్వ్యూ అంటూ జరిగిందంటే అదే, జరుగుతున్నప్పుడు నాకు తెలీదు.

అపోహ: మ్యూజిక్ వచ్చి ఉండాలి

వస్తే మంచిదే, గిటార్ ట్యూన్ చెయ్యడం, తీగ మార్చడం వస్తే బ్యాక్‌లైన్ (స్టేజి మీది వాయిద్యాలు, ఆంప్‌లు చూసుకునే పని) వైపు వెళ్ళొచ్చు. కానీ మొదటి ఏడాది నీ చేతికి వచ్చేది గిటార్ కాదు, కేబుల్. కొత్త కుర్రాడు ఎవడైనా వస్తే మా సీనియర్ ఏం అడగడు, ఒక ఇరవై మీటర్ల మైక్ కేబుల్ చేతికిచ్చి చుట్టమంటాడు. అరచేతికీ మోచేతికీ మధ్య బావి చేంతాడు చుట్టినట్టు చుట్టాడో, అయిపోయింది. అలా చుడితే ప్రతి చుట్టుకీ కేబుల్ లోపల మెలిక పడుద్ది, నాలుగు షోలకి కనెక్టర్ దగ్గర తీగ తెగుద్ది, అదీ సరిగ్గా పల్లవి మధ్యలో. ఒక చుట్టు మామూలుగా, రెండోది చెయ్యి లోపలికి తిప్పి కింద నుంచి, మళ్ళీ మామూలుగా, ఇలా మార్చి మార్చి చుట్టాలి. అప్పుడు ఒక కొస పట్టుకుని విసిరితే స్టేజి ఈ చివర నుంచి ఆ చివరకి ముడి పడకుండా పాములా వెళ్ళిపోద్ది. ఇంట్లో ఎక్స్‌టెన్షన్ వైరుతో ప్రాక్టీస్ చెయ్యండి, వారం పట్టుద్ది, ఫీజు లేదు.

అపోహ: సౌండ్ ఇంజినీరింగ్ కోర్సు చేస్తే చాలు

కోర్సు తప్పు అనను. కానీ అక్కడ ఏసీ స్టూడియోలో కంప్రెసర్ (సౌండ్ హెచ్చుతగ్గులు అదుపు చేసేది) గురించి నేర్చుకుని వచ్చినోడు గ్రౌండ్‌లో జనరేటర్ ముందు బిక్కమొహం వేస్తాడు. మా పనిలో మనిషిని చంపేది కరెంటు ఒక్కటే కాదు, ఎత్తు మీద నుంచి పడేవి కూడా ఉన్నాయి, కానీ రోజూ చెయ్యి పెట్టేది మాత్రం కరెంటులోనే. మూడు ఫేజుల సప్లైలో న్యూట్రల్ లూజయిందంటే లోడ్‌ని బట్టి ఒక ఫేజులో 230 వోల్టులు రావాల్సింది 350 దాటి కూడా పోవచ్చు. ఒక ఊళ్ళో జనరేటర్ అబ్బాయి టెస్టర్ పెట్టి లైట్ వెలిగింది ఇచ్చేయండన్నా అన్నాడు. టెస్టర్ కరెంటు ఉందని చెప్తుంది గానీ ఎంత ఉందో చెప్పదుగా, మల్టీమీటర్ పెట్టి చూస్తే 310. కన్సోల్ ప్లగ్ పెట్టి ఉంటే ఆ షో, ఆ కన్సోల్, నా ఉద్యోగం మూడూ అక్కడే. ఫేజ్-న్యూట్రల్, ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్, మూడూ కొలిచాకే ప్లగ్ పెట్టాలి. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే సింగర్ పెదాలు మైకుకి తగిలినప్పుడు చురుక్కుమంటది, అప్పుడు తిట్లు పడేది మనకే.

అపోహ: ఊళ్ళన్నీ చూడొచ్చు

వైజాగ్‌లో ఎన్ని షోలు చేశానో లెక్కలేదు, బీచ్ పక్కనే స్టేజి, సముద్రంలో కాలు పెట్టింది లేదు. పొద్దున్నే లోడ్-ఇన్ (సామాను దింపి స్టేజికి ఎక్కించడం), మధ్యాహ్నం లైన్ చెక్, సాయంత్రం సౌండ్ చెక్, తర్వాత షో. 2000 నాటి నాయిస్ రూల్స్ ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు, ప్రభుత్వం పండగలకీ వాటికీ ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. అంటే మామూలుగా పదికి ఆర్టిస్టుల పని అయిపోద్ది, అప్పుడు మనది మొదలవుద్ది. బాక్సులు దింపి లారీ ఎక్కించేసరికి రెండు, మూడు. ఆకలేసి చూస్తే బిర్యానీ ప్యాకెట్లు ఆర్గనైజర్ బంధువులు ఎప్పుడో తినేసుంటారు.

అపోహ: ఒక్కసారి అమెరికా ట్రిప్ పడితే సెటిల్

దీని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డబ్బులు పోగొట్టుకున్నవాళ్ళని చూశా. తానా, ఆటా లాంటి అమెరికా తెలుగు సంఘాల సభలకీ, సింగర్ల టూర్లకీ మన వాళ్ళు వెళ్తారు, నిజమే. కానీ స్పీకర్లు, కన్సోల్, లైట్లు అక్కడే రెంటుకి తీసుకుంటారు, చేతులు కూడా అక్కడివే. ఇక్కడ నుంచి తీసుకెళ్ళే టెక్నీషియన్లు ఒకరో ఇద్దరో. బీ1/బీ2 విజిటర్ వీసా మీద వెళ్ళి షోలో పని చేసి డబ్బు తీసుకోకూడదు. మన సాంస్కృతిక బృందాలు వెళ్ళేది ఎక్కువగా పీ-3 వీసా మీద, వాళ్ళకి అవసరమైన సిబ్బందికి దాని కిందే సపోర్ట్ వీసా ఉంటుంది. దానికి అమెరికాలో ఉన్నవాళ్ళే పిటిషన్ వెయ్యాలి, ఈ మనిషి పని అక్కడ దొరికేవాళ్ళు ఇట్టే చెయ్యగలిగింది కాదని చూపించాలి. నిన్న మొన్న చేరిన కుర్రాడికి అది ఎలా చూపిస్తారు? కాబట్టి ‘క్రూలో పేరు పెట్టిస్తా, ఇంత ఇవ్వు’ అని ఎవడన్నా అంటే అక్కడితో ఫోన్ పెట్టెయ్యండి.

వెళ్ళొచ్చినవాళ్ళతో ఇంకో తంటా. అక్కడ 120 వోల్టులు. అక్కడ కొన్న పెడల్ అడాప్టర్ తెచ్చి మా గిటారిస్ట్ ఒకాయన ఇక్కడ సాకెట్లో పెట్టాడు, సన్నగా పొగ, కాలిన ప్లాస్టిక్ వాసన. వెనకాల 100-240 అని రాసుంటేనే రెండు చోట్లా పనిచేసేది, చూడమని చెప్పా, చూడలేదు.

అపోహ: నెలనెలా జీతం వస్తుంది

వెండర్ దగ్గర స్టాఫ్‌గా ఉంటే వస్తుంది, తక్కువైనా వస్తుంది. ఫ్రీలాన్స్ అయితే షోకి ఇంత, పైన బత్తా. నా మొదటి షోకి 500 ఇచ్చారు, అవి కూడా నెల తర్వాత. వినాయక చవితి నుంచి డిసెంబర్ 31 దాకా, మళ్ళీ కాలేజ్ ఫెస్టులకి ఊపిరి ఆడదు. ఆషాఢం, మూఢం వస్తే పెళ్ళిళ్ళుండవు, సంగీత్‌లుండవు, ఫోన్ మోగదు. టికెట్ షోలు చేసే పెద్ద బ్యాండ్ క్రూ అయినా ఖాళీ రోజుల్లో పెళ్ళి సంగీత్ చేసుకునే బతుకుతారు, నామోషీ పడితే అద్దె ఎవరు కడతారు.

అమ్మాయిలకి కుదరదు అనేది కూడా అడుగుతుంటారు. స్టేజి మేనేజర్లుగా, లైట్స్ ఆపరేటర్లుగా చేస్తున్నారు, బాగా చేస్తున్నారు. కుదరనిది గ్రౌండ్‌లో బాత్రూమ్, అర్ధరాత్రి ఇంటికి బండి. ఒప్పుకునే ముందే ఆ రెండూ అడగండి, నీళ్ళు నమిలితే ఆ షో వదిలెయ్యండి.

చెవుల సంగతి మాత్రం అపోహ కూడా కాదు, నిర్లక్ష్యం. 85 డెసిబెల్స్ అయితే ఎనిమిది గంటలు, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైమ్ సగం తగ్గుద్ది, 100 దగ్గర పావుగంటే. డ్రమ్మర్ పక్కన నిలబడితే 100 పెద్ద విషయం కాదు. మొదటి జీతంతో షూస్ కాదు, మంచి ఇయర్ ప్లగ్స్ కొనుక్కోండి. నాకు ఎడమ చెవిలో ఇప్పటికీ రాత్రిళ్ళు కీచురాయి మోగుద్ది.

ఇక గోడౌన్ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది అంటారా, ఏ ఈవెంట్‌కైనా వెళ్ళినప్పుడు స్టేజి పక్కనున్న నల్ల పెట్టెలు చూడండి, వెండర్ పేరు, ఫోన్ నంబర్ స్ప్రే పెయింట్‌తో కొట్టి ఉంటుంది. ఫోటో తీసుకోండి. అప్పటికప్పుడు లోడింగ్‌లో ఉన్నవాణ్ణి మాత్రం కదిలించకండి, చిరాగ్గా ఉంటాడు. మర్నాడు పొద్దున్నే కూడా వద్దు, నిద్రలో ఉంటాం. మధ్యాహ్నం పన్నెండు దాటాక చెయ్యండి, ‘లోడింగ్‌కి మనుషులు కావాలా అన్నా’ అని అడగండి, సౌండ్ ఇంజినీర్ అవ్వాలనుందని ఆ రోజు చెప్పకండి.