కేబుల్ చందాదారుల పట్టిక ఎందుకు ముక్కలైంది?

కేబుల్ టీవీ సంస్థకు డేటాబేస్ అనగానే చాలామంది మొదట గీసేది ‘చందాదారు’ అనే ఒకే ఒక్క పట్టిక. పేరు, చిరునామా, ప్యాకేజీ, టీవీకి తగిలించే సెట్‌టాప్ పెట్టె నంబరు, బకాయి అన్నీ అందులోనే చేరిపోతాయి. వారిని తప్పు పట్టలేం. ఈ వ్యాపారం పుట్టినప్పుడు దాని లెక్క నిజంగా అంతే.

1940ల చివర అమెరికాలో కొండలు అడ్డుపడి ప్రసారాలు అందని ఊళ్లలో, ఎత్తైన చోట యాంటెన్నా నిలిపి, అక్కడి నుంచి ఇళ్లకు తీగ లాగడంతో కేబుల్ మొదలైంది. ఇంటికో తీగ, తీగకో నెలసరి చందా. ఇల్లు, మనిషి, కనెక్షన్, బిల్లు వేరువేరు సంగతులని గుర్తించాల్సిన అవసరమే రాలేదు.

1972 నవంబరులో పెన్సిల్వేనియాలోని విల్క్స్‌బారేలో హెచ్‌బీఓ అనే ఛానల్ ప్రసారాలు మొదలయ్యాక ఆ లెక్క చెదిరింది. పక్కపక్క ఇళ్లకు వెళ్లే తీగ ఒకటే అయినా, అదనపు రుసుము కట్టినవారికే ఆ ఛానల్. 1977 డిసెంబరులో ఒహాయోలోని కొలంబస్‌లో వార్నర్ సంస్థ ‘క్యూబ్’ అనే కేబుల్ సేవను ప్రారంభించింది. సంస్థ కంప్యూటర్ ఇళ్లలోని పెట్టెల నుంచి సమాచారం సేకరించేది. చూసిన కార్యక్రమానికి విడిగా డబ్బు వసూలు చేసేవారు. నెలవారీ చందా పక్కన వాడకం అనే రెండో లెక్క వచ్చి కూర్చుంది.

అప్పటి డేటాబేస్‌లలో పేరున్నది ఐబీఎం వారి ఐఎంఎస్. చంద్రుడి మీదికి మనుషులను పంపిన అపోలో కార్యక్రమపు విడిభాగాల జాబితా కోసం 1960లలో రూపొందిన ఈ వ్యవస్థలో సమాచారం చెట్టులా ఉంటుంది: తల్లి నమోదును తొలగిస్తే పిల్ల నమోదులూ పోతాయి. యంత్రభాగాలకు బాగానే సరిపోయే ఈ పద్ధతి కేబుల్ పెట్టెకు నప్పదు. చాలాచోట్ల పెట్టె సంస్థ ఆస్తి. చందాదారు మానేస్తే తిరిగివచ్చి ఇంకో ఇంటికి వెళ్తుంది. దాన్ని చందాదారు కింద పిల్లగా కట్టేస్తే అతనితోపాటే లెక్కల్లోంచి మాయమవుతుంది.

1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనాలో, అంటే సమాచారాన్ని విడివిడి పట్టికల్లో ఉంచి అవసరమైనప్పుడు కలిపే పద్ధతిలో, ఆ చెట్టు లేదు. పెట్టెలకో పట్టిక, కనెక్షన్లకో పట్టిక, ఏ పెట్టె ఏ తేదీ నుంచి ఎక్కడుందో చెప్పే కేటాయింపుల పట్టిక వేరు. ప్యాకేజీలకూ ఛానళ్లకూ మధ్య కూడా ఇలా రెంటినీ జతచేసే వంతెన పట్టికే కావాలి. పీటర్ చెన్ 1976లో ప్రకటించిన ఈఆర్ (ఎంటిటీ-రిలేషన్‌షిప్) నమూనాతో, ఏయే అంశాలున్నాయో, వాటి మధ్య ఉన్న ఈ సంబంధాలను ముందుగా కాగితం మీద గీసుకునే అలవాటు స్థిరపడింది.

కాలాన్ని పట్టుకోవడం మాత్రం ఇంత సులువుగా కుదరలేదు. ధర మారుతుంది, ఛానల్ ప్యాకేజీ నుంచి తప్పుకుంటుంది, ఇంట్లో అద్దెకున్నవారు మారతారు. చిరునామానే ఖాతాగా భావించిన డేటాబేస్‌లో పాతవారి బకాయి కొత్తవారి నెత్తిన పడుతుంది. డేటాబేస్‌లతో మాట్లాడే భాష అయిన ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోకి ‘ఎప్పటి నుంచి ఎప్పటి వరకు’ అనే భావన నేరుగా వచ్చింది 2011లోనే. అంతవరకు రూపకర్తలు ‘మొదలు’, ‘ముగింపు’ తేదీల నిలువు వరుసలను చేత్తో చేర్చుకున్నారు. ఇప్పటికీ చాలామంది చేస్తున్నది అదే.

బిల్లులోని ధర మీద ఒక పాత వాదన ఉంది. ధరల పట్టికలో ఉన్నదాన్ని బిల్లులో మళ్లీ రాయడం ఒక సమాచారాన్ని ఒక్కచోటే ఉంచాలనే నార్మలైజేషన్ సూత్రానికి విరుద్ధమని కొందరంటారు. నాకది చాదస్తంగా తోస్తుంది. ఈ రోజు ధర వేరు, ఆ నెల వసూలు చేసిన ధర వేరు. రెండోది మారడానికి వీల్లేదు. బకాయి సంగతి దీనికి తలకిందులు. దాన్ని ఒక గడిలో పెట్టి దిద్దుతూ పోతే, తేడా వచ్చిన రోజున కారణం దొరకదు. బిల్లులు, చెల్లింపుల వరుసలను కూడి తీస్తేనే ఆ అంకెకు సాక్ష్యం ఉంటుంది.

1997లో కేబుల్ తీగ మీద డేటా పంపే పద్ధతిని నిర్ణయించిన డాక్సిస్ ప్రమాణం వచ్చాక అదే తీగ మీద ఇంటర్నెట్ కూడా వ్యాపించింది. ఖాతాదారు, చిరునామా, సేవ విడివిడిగా ఉన్నచోట అది సేవల పట్టికలో ఇంకో వరుస. అన్నీ కలిపేసినచోట అదే మనిషి పేరు రెండోసారి నమోదు చేయాలి, ఆ ఇంటికి రెండు బిల్లులు పంపాలి.