గురక ఆగినప్పుడు గుండెకు ఏమవుతుంది

గురక పెట్టి నిద్రపోయేవారిని చూసి మన ఇళ్లలో ఎవరూ కంగారు పడరు. పగలంతా కష్టపడ్డారు, ఒళ్లెరగకుండా పడుకున్నారని తృప్తి పడతారు. అయితే ఆ గురక ఉన్నట్టుండి ఆగిపోయి, పది ఇరవై సెకన్లపాటు గదిలో ఏ చప్పుడూ లేకుండా ఉండి, ఆ తర్వాత ఉక్కిరిబిక్కిరైనట్టు ఒక పెద్ద శ్వాసతో తిరిగి మొదలవుతూ ఉంటే, అది గాఢనిద్ర కాదు. నిద్రలో నాలుక, గొంతు కండరాలు సడలి గాలిదారి సన్నబడితే గురక వస్తుంది. పూర్తిగా మూసుకుపోతే నిశ్శబ్దం వస్తుంది. ఛాతీ ఎగసిపడుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. మెదడు ఉలిక్కిపడి మనిషిని ఒక్క క్షణం మేల్కొలిపితే గొంతు తెరుచుకుంటుంది. ఆ మెలకువ తెల్లవారేసరికి గుర్తు కూడా ఉండదు. ఇదే స్లీప్ అప్నియా. శ్వాస కనీసం 10 సెకన్లు ఆగడాన్నీ, బాగా తగ్గిపోవడాన్నీ లెక్కించి, గంటకు 5 సార్లు దాటితే జబ్బు ఉన్నట్టు, 30 దాటితే తీవ్రంగా ఉన్నట్టు వైద్యులు పరిగణిస్తారు.

ఊపిరితిత్తులు బాగున్నవారికి కూడా ఇది హాని చేస్తుంది. అవి ముందే దెబ్బతిన్నవారికి హాని ఇంకా ఎక్కువ. గోదావరి డెల్టాలో అలాంటివారి కోసం ఎక్కువ దూరం వెతకనక్కరలేదు. లంక పొగాకు చుట్టలు దశాబ్దాలపాటు కాల్చిన పెద్దవారున్నారు. కొబ్బరి డొక్కలు, మట్టలు, ఊక వేసి మండించిన పొయ్యి ముందు ముప్ఫై నలభై ఏళ్లు కూర్చున్న స్త్రీలున్నారు. వారిలో చాలామంది జన్మలో చుట్ట ముట్టలేదు. రైసు మిల్లుల దుమ్ములో, ఇటుక బట్టీల పొగలో పనిచేసినవారున్నారు. ఏళ్ల తరబడి ఇలా సాగితే గాలిగొట్టాలు సన్నబడి, గాలి సంచులు చిరిగి, పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాని స్థితి ఏర్పడుతుంది. వైద్యులు దీనిని సీఓపీడీ అంటారు. ఊళ్లో ఆయాసం అంటారు, కొందరు ఉబ్బసంతో కలిపేస్తారు. 2016 నాటికి మన దేశంలో సుమారు 5.5 కోట్ల మందికి ఈ జబ్బు ఉన్నట్టు అంచనా.

సీఓపీడీ, స్లీప్ అప్నియా ఒకే మనిషిలో కలిసి ఉండటాన్ని 1985లో ఎడిన్‌బరో వైద్యుడు డేవిడ్ ఫ్లెన్లీ ‘ఓవర్‌ల్యాప్ సిండ్రోమ్’ అని పేర్కొన్నాడు. ఒకటి ఉంటే రెండోది తప్పక వస్తుందని దీని అర్థం కాదు. రెండూ జనంలో విస్తారంగా ఉన్న జబ్బులు కాబట్టి ఎదురుపడుతూనే ఉంటాయి. బక్కపలచని ఆయాస రోగి కంటే, ఒళ్లు, మెడ లావుగా ఉండి కాళ్లకు నీరు పట్టే రోగిలో అప్నియాను ఎక్కువగా అనుమానించాలి.

రెండూ కలిస్తే నష్టం ఎందుకు ఇంతగా పెరుగుతుందో తెలియాలంటే రక్తం ఆక్సిజన్‌ను మోసే తీరు చూడాలి. రక్తంలో ఆక్సిజన్ పీడనం 100 మిల్లీమీటర్ల నుంచి 60కి పడిపోయినా, వేలికి పెట్టే ఆక్సీమీటరు మీద అంకె 97 నుంచి 90 దగ్గరికి మాత్రమే వస్తుంది. అదే 60 నుంచి 40కి పడితే, అంటే అందులో సగమే తగ్గితే, అంకె 90 నుంచి 75కి జారుతుంది. డెల్టా రైతుకు ఇది కొత్త లెక్కేమీ కాదు. సార్వాలో, అంటే వానాకాలం పంటప్పుడు, కాలువ నిండుగా పారుతున్నప్పుడు లాకు తలుపులు కాసేపు దించినా, కాలువలో నిలిచిన నీరే శివారు పొలానికి చాలుతుంది. దాళ్వాలో, అంటే రెండో పంటప్పుడు, వంతులవారీగా నీరు వదిలే రోజుల్లో అంతసేపే తలుపులు దించితే శివారు ఎండుతుంది. ఆరోగ్యవంతుడి శ్వాస ఇరవై సెకన్లు ఆగడం సార్వా కాలువ లాంటిది. పగలే 91, 92 దగ్గర నెట్టుకొస్తున్న సీఓపీడీ రోగికి అదే ఇరవై సెకన్లు దాళ్వా కాలువ.

దీనికి తోడు నిద్రలోనూ ఒక ప్రమాదకరమైన దశ ఉంది. కలలు ఎక్కువగా వచ్చే దశలో, కలల్లో చేసే పనులు ఒళ్లు నిజంగా చేయకుండా, మెదడు దాదాపు అన్ని కండరాలనూ సడలించి వేస్తుంది. శ్వాస భారమంతా ఉదర వితానం అనే ఒక్క కండరం మీద పడుతుంది. సీఓపీడీలో గాలి లోపలే చిక్కుకుని ఊపిరితిత్తులు ఉబ్బి ఉండటం వల్ల ఆ కండరం ముందే చదునుగా సాగిపోయి బలహీనపడి ఉంటుంది. పగలు మెడ, పక్కటెముకల కండరాలతో ఆ లోటు పూడ్చుకునే రోగికి ఈ దశలో ఆ ఆసరా తెగిపోతుంది. ఈ దశ రాత్రి చివరి భాగంలో ఎక్కువ. కనుక తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది, బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది. లేవగానే తల దిమ్ముగా ఉండటానికి అది ఒక కారణం.

ఇక గుండె. ఆక్సిజన్ తగ్గితే శరీరంలో మిగతాచోట్ల రక్తనాళాలు వెడల్పవుతాయి, ఊపిరితిత్తుల్లో మాత్రం ముడుచుకుంటాయి. 1946లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఉల్ఫ్ వాన్ ఆయిలర్, యోరాన్ లిల్యెస్ట్రాండ్ పిల్లులపై ప్రయోగాలతో దీనిని వివరించారు. ఊపిరితిత్తిలో ఒక మూలకు గాలి అందకపోతే, అక్కడికి రక్తాన్ని వృథాగా పంపకుండా నాళం ముడుచుకోవడం మంచి ఏర్పాటే. ఊపిరితిత్తి మొత్తానికీ ఆక్సిజన్ తగ్గినప్పుడు అన్ని నాళాలూ ఒకేసారి ముడుచుకుంటే మాత్రం, వాటిలోకి రక్తం తోసే కుడి గుండెకు ఎదురుగా గోడ కట్టినట్టవుతుంది. ప్రతి రాత్రీ ఇదే జరిగితే ఆ పీడనం పగలు కూడా దిగదు. కుడి గుండె ఉబ్బి అలసిపోతుంది, కాళ్లకు నీరు పడుతుంది. ఆ నీరు మనిషి పడుకున్నాక కొంత మెడవైపు చేరి గొంతును ఇంకా ఇరుకు చేస్తుంది. సాయంత్రం కాళ్ల వాపునూ రాత్రి గురకనూ కలిపి చూడాలని చాలామందికి తోచదు. వాపుకు ఉప్పుచేపను తప్పుపట్టి ఊరుకుంటారు.

ఎడమ గుండెకు వచ్చే ముప్పు మరోలా ఉంటుంది. మూసుకున్న గొంతుకు ఎదురుగా గాలి లాగే ప్రయత్నంలో ఛాతీ లోపలి పీడనం పడిపోయి, గుండె గోడలు బయటికి లాగినట్టవుతాయి. శ్వాస తిరిగి మొదలైన ప్రతిసారీ అడ్రినలిన్ జాతి హార్మోన్లు ఎగసి, రక్తపోటు గభాలున పెరుగుతుంది. రాత్రిపూట 10 నుంచి 20 శాతం తగ్గవలసిన బీపీ తగ్గదు. ఏళ్లు గడిచేకొద్దీ లయ తప్పిన గుండె, పక్షవాతం, గుండెపోటు వంటి ముప్పులు పెరుగుతాయి. గుండె గదులు సాగినప్పుడు విడుదలయ్యే ఒక హార్మోను మూత్రాన్ని పెంచుతుంది. అందుకే రాత్రి మూడు నాలుగుసార్లు లేస్తారు. దానిని మనవాళ్లు వెంటనే షుగరు ఖాతాలో రాసేస్తారు. షుగరూ కావచ్చు, పరీక్ష చేయించవలసిందే, అక్కడితో ఆగకూడదు.

చికిత్స విషయంలో మితంగా మాట్లాడటం మంచిది. నిద్రలో గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా చూసే సీపాప్ యంత్రాన్ని ఆస్ట్రేలియా వైద్యుడు కొలిన్ సల్లివన్ 1981లో ప్రపంచానికి పరిచయం చేశాడు. స్పెయిన్ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు జబ్బులూ ఉన్నవారిని తొమ్మిదేళ్లకు పైగా గమనించగా, సీపాప్ వాడనివారిలో మరణాలు, జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరడాలు ఎక్కువగా కనిపించాయి. వాడినవారి పరిస్థితి సీఓపీడీ ఒక్కటే ఉన్నవారితో సమానంగా ఉంది. అయితే యంత్రం వాడటానికి ఒప్పుకున్నవారు మందుల విషయంలోనూ శ్రద్ధగలవారై ఉండవచ్చు. 2016లో వెలువడిన సేవ్ అనే పెద్ద పరీక్షలో, ముందే గుండె లేదా మెదడు రక్తనాళాల జబ్బు ఉన్న 2,717 మందిలో సీపాప్ కొత్త గుండెజబ్బులను తగ్గించినట్టు రుజువు కాలేదు. వారు దానిని వాడింది రాత్రికి సగటున 3.3 గంటలే. రాత్రి చివరి భాగమే ఎక్కువ ప్రమాదమని తెలిసినప్పుడు, ముందు మూడు గంటలు పెట్టుకుని మాస్కు తీసేయడం ఎంత ఉపయోగమో ఆలోచించాలి.

రెండు పొరపాట్లు మాత్రం తప్పక చెప్పాలి. నిద్ర సరిగా పట్టడం లేదని ఇలాంటివారు సొంతంగా నిద్రమాత్ర వేసుకోవడం, సాయంత్రం మద్యం తాగడం రెండూ గొంతు కండరాలను మరింత సడలిస్తాయి. అలాగే ఆక్సిజన్ యంత్రం అద్దెకు తెచ్చి ఇంట్లో తోచినంత పెట్టుకుంటే ఆక్సీమీటరు అంకె పెరుగుతుంది గానీ, గొంతు తెరుచుకోదు; కొందరిలో బొగ్గుపులుసు వాయువు ప్రమాదకర స్థాయికి చేరుతుంది.

ఆయాసంతో వెళ్లిన రోగిని ఎన్ని అడుగులు నడిస్తే ఆయాసం వస్తుందని అడుగుతారు. రాత్రి సంగతి రోగికే తెలియదు, పక్కన పడుకునేవారికి తెలుస్తుంది. కానీ గురక భరించలేక పెద్దాయన మంచాన్ని వసారాలోకి మార్చిన ఇళ్లలో, ఆగిన శ్వాసను వినేవారే ఉండరు. అటువంటి ఇళ్లలో ఎవరైనా ఒక రాత్రి తెల్లవారుజామున మూడు గంటలకు లేచి, ఆ మంచం పక్కన కూర్చుని సెల్‌ఫోనులో పది నిమిషాలు రికార్డు చేసి డాక్టరుకు వినిపిస్తే, నిద్ర పరీక్ష అవసరమో కాదో తేల్చడానికి ఆయనకు ఒక ఆధారం దొరుకుతుంది.