టైప్-సి చార్జింగ్: అపోహలు - వాస్తవాలు

విజయనగరం గంటస్తంభం దగ్గర ఫోన్ల మరమ్మతు, చార్జర్ల అమ్మకం నా పని. కౌంటరు దగ్గర తరచూ వినిపించే మాటలివి.

అపోహ: టైప్-సి వచ్చేసింది, ఇక ఏ చార్జరైనా దేనికైనా సరిపోతుంది.

వాస్తవం: కలిసింది పిన్ను ఆకారం మాత్రమే. 2014లో వచ్చిన టైప్-సి ప్రమాణం వేగాన్ని చాలావరకు తయారీదారు ఇష్టానికే వదిలేసింది. ఐఫోన్ 15కూ, 15 ప్రోకూ ఉన్నది ఒకే రకం పోర్టు. డేటా పంపడంలో మొదటిది సెకనుకు 480 మెగాబిట్ల దగ్గర ఆగిపోతే, రెండోది 10 గిగాబిట్ల దాకా వెళ్తుంది. తమాషా ఏమిటంటే, ప్రో పెట్టెలో ఇచ్చిన కేబుల్ కూడా 480దే! ఇక అట్టపెట్టె మీద ‘80 వాట్లు’ అని ఘనంగా రాసుకున్న ఫోను వేరే కంపెనీ చార్జరు పెడితే నత్తనడక నడవచ్చు. ఆ వేగం చాలాసార్లు ఆ కంపెనీ సొంత పద్ధతి.

అపోహ: రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో చార్జింగ్ ఎక్కకపోతే పోర్టు పోయినట్టే.

వాస్తవం: చీపురుపల్లి నుంచి ఒకాయన ఎమర్జెన్సీ లైటు తెచ్చి పోర్టు మార్చమన్నారు. విప్పితే పోర్టు నిక్షేపంలా ఉంది. లేనివల్లా 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లనే చిన్న విడిభాగాలు రెండు. అవి లేకపోతే అవతల పరికరం ఉన్నట్టు టైప్-సి చార్జరుకు తెలియదు, కరెంటు వదలదు. పాత వెడల్పు పిన్ను చార్జరైతే ఏమీ అడగకుండా 5 వోల్టులు ఇస్తుంది కాబట్టి దానితో ఎక్కుతుంది. ప్రమాణంలో ఆ రెండూ పెట్టమనే ఉంది. పైసల్లో దొరికే ముక్కల దగ్గర తయారీదారు కక్కుర్తి పడ్డాడు.

అపోహ: ఈ ప్రమాణాలన్నీ ప్రభుత్వమే నిర్ణయిస్తుంది.

వాస్తవం: రాసేది కంపెనీలే. టైప్-సికి మూలమైన యూఎస్‌బీని 1990లలో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐబీఎం వంటి సంస్థలు కలిసి రూపొందించాయి. ఇప్పటికీ వ్యవహారం నడిపేది కంపెనీల వేదికే. డబ్బు పెట్టి కొనే మనల్ని అక్కడ అడిగే నాథుడు లేడు. ప్రభుత్వాలు తర్వాత వచ్చి ముద్ర వేస్తాయి. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుంచి కొత్త ఫోన్లకు టైప్-సి తప్పనిసరి చేసింది. మన దేశంలో ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ కూడా ఆ ప్రమాణాన్నే స్వీకరించింది. అయితే ఆ ముద్రను తీసిపారేయలేం. ఐరోపా చట్టమే లేకపోతే ఆపిల్ తన సొంత పిన్ను వదిలి ఇంత త్వరగా టైప్-సికి దిగివచ్చేది కాదని నా నమ్మకం.

అపోహ: బీఐఎస్ గుర్తు ఉంటే వేగంగా ఎక్కుతుంది.

వాస్తవం: అది భద్రతకు, వేగానికి కాదు. చార్జరు మీద ‘ఆర్’తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. సంబంధం లేని తయారీదారు పేరు వస్తే వెనక్కి ఇచ్చేయండి, అమ్మింది నేనైనా సరే.